ఇంటి రిపేరు తర్వాత మిగిలే మట్టీ రాళ్ళూ: కంటైనరా, లోడు బండా, కాంట్రాక్టరా, సొంత కారా? ఏది మేలు?

పగలగొట్టడానికి ఒక పూట చాలు. పగిలినదాన్ని వదిలించుకోవడమే పెద్ద పని. రిపేరు ఖర్చు లెక్కేసుకునేటప్పుడు టైల్స్ రంగు నుంచి కుళాయి మోడల్ దాకా అన్నీ రాసుకునే మనిషి కూడా ఈ ఒక్క లైను మాత్రం రాసుకోడు. పని సగంలో ఉండగా గుమ్మం ముందు గుట్ట పడుతుంది, పక్కింటివాళ్ళు మొహం చిట్లిస్తారు, అప్పుడు టెన్షన్ పడి ఎవరో ఒకరికి ఫోన్ చేసి వాళ్ళు ఎంతంటే అంతకి సరే అనేస్తాం.

మామూలుగా ఉన్న దారులు నాలుగు. కంటైనర్ అద్దెకి తెప్పించి ఇంటి ముందు పెట్టించుకోవడం, లోడుకి ఇంత అని కూలీలతో సహా బండి మాట్లాడుకోవడం, పని చేసిన కాంట్రాక్టర్‌కే అప్పజెప్పడం, సొంత బండిలో కొంచెం కొంచెంగా మనమే మోసుకుపోవడం. ఇందులో ఏది చవక అనే అందరూ అడుగుతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందు చూసుకోవాల్సింది, పగిలిన ముక్క గోడ దగ్గర నుంచి చివరి చోటికి చేరేలోపు దాన్ని ఎన్నిసార్లు చేత్తో ఎత్తుతున్నాం అని. నేల మీద నుంచి పారతో తట్టలోకి ఒకసారి, తట్టతో మోసి గుమ్మం ముందు గుట్టలోకి, రెండ్రోజులాగి ఆ గుట్టలోంచి మళ్ళీ తట్టలోకి, తట్టలోంచి బండిలోకి. డీజిల్ ఖర్చు కన్నా కూలి ఖర్చు ఇక్కడే పెరుగుతుంది. ఒక ఎత్తుడు తగ్గించగలిగితే రేటు బేరమాడినదానికన్నా ఎక్కువే మిగులుతుంది.

రెండో సంగతి బరువు. ఇది చాలామందికి అందదు, ఎందుకంటే కళ్ళకి కనిపించేది గుట్ట సైజే కాబట్టి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న నాలుగంగుళాల ఇటుక గోడని రెండువైపులా ప్లాస్టరింగ్‌తో సహా పడగొడితే రెండు టన్నుల పైమాటే. ఇటుక కట్టుబడి ఘనపు మీటరుకి దాదాపు 1900 కేజీలు తూగుతుంది, కాంక్రీట్ అయితే 2400. ఐదడుగులు ఎనిమిదడుగుల చిన్న బాత్రూమ్‌లో నేల టైల్స్, వాటి కింద రెండంగుళాల సిమెంటు గచ్చు, ఏడడుగుల ఎత్తు దాకా గోడ టైల్స్ వెనకాల సిమెంటు మసాలాతో కలిపి పీకితే 1200 నుంచి 1500 కేజీల దాకా వస్తుంది. పగిలాక ముక్కల మధ్య గాలి చేరి పరిమాణం కూడా సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది, కాబట్టి గోడగా ఉన్నప్పుడు వేసుకున్న అంచనా బండి దగ్గర పనికిరాదు.

అదే పది పన్నెండడుగుల గదిలో జిప్సం ఫాల్స్ సీలింగ్ విప్పితే బోర్డులన్నీ కలిపి వంద కేజీలు ఉంటాయేమో, కానీ వంకరటింకర ముక్కలూ రేకు ఫ్రేములూ కలిసి సగం బండి ఆక్రమిస్తాయి. వంటింటి పాత కప్‌బోర్డులూ అంతే. అంటే రాళ్ళూ టైల్స్ అయితే బండి సగం నిండకముందే దాని బరువు పరిమితి వచ్చేస్తుంది, ప్లైవుడ్, సీలింగ్, తలుపులు లాంటివి అయితే బరువు ఏమీ ఉండదు గానీ చోటు అయిపోతుంది. మీ దగ్గర ఉన్నది ఏ రకమో తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఇప్పుడు కంటైనర్. పెద్ద ఇనప తొట్టి తెచ్చి దింపుతారు, నాలుగు రోజులో వారమో ఉంచుతారు, నిండాక వచ్చి ఎత్తుకుపోతారు. దీని గొప్పతనమంతా పైన చెప్పిన ఎత్తుళ్ళలో ఉంది. పగిలిన ముక్క తట్టలోంచి నేరుగా తొట్టిలోకే పోతుంది, మధ్యలో గుట్ట లేదు. పలుగు పట్టినవాడూ పార పట్టినవాడూ ఒకేసారి పని చేసుకోవచ్చు, బండివాడు ఎప్పుడొస్తాడా అని పని ఆపి కూర్చోనక్కర్లేదు. ఇల్లు మొత్తం కదిపే పనికి, రెండు మూడు గోడలు తీసి నేలంతా మార్చే పనికి, దీన్ని మించింది లేదు.

కానీ పెట్టడానికి చోటుండాలి. సొంత ఆవరణ ఉంటే ఫర్వాలేదు, రోడ్డు మీద పెట్టాలంటే చాలాచోట్ల అనుమతి కావాలి, రాత్రిపూట రిఫ్లెక్టర్లు ఉండాలి, ఇరుకు సందు అయితే దింపే లారీకి తిరిగే వీలే ఉండదు. తొట్టి ఎత్తూ దాన్ని దింపే లారీ క్రేన్ చెయ్యి ఎత్తూ లెక్కేసి పైన కరెంటు తీగలు తగలవు కదా అని కూడా చూడాలి. టైల్స్ వేసిన వాకిట్లో దింపితే ఆ టైల్స్ కూడా శిథిలాల్లో చేరతాయి, కింద మందపాటి చెక్కలు పరిపించండి. ఇంకో సంగతి, పెద్ద సైజు తీసుకుంటే మేలు అనుకోవడం రాళ్ళ విషయంలో తప్పు. ఆరు ఘనపు మీటర్ల తొట్టి నిండా ఇటుక ముక్కలు పోస్తే ఏడున్నర టన్నులు దాటుతుంది, అంత బరువు ఎత్తడానికి వచ్చిన లారీ పనికిరాకపోవచ్చు. అందుకే అద్దెకిచ్చేవాళ్ళు రాళ్ళకి చిన్న సైజు, తేలిక సామానుకి పెద్ద సైజు అంటారు. అంచు మీదికి గోపురంలా పోయకూడదు, దారిలో ముక్కలు జారి వెనకాల వచ్చే స్కూటరు మీద పడతాయి, అలా పోస్తే లారీవాళ్ళు మేం ఎత్తం అని వెళ్ళిపోయినా తప్పు వాళ్ళది కాదు. ఇక అన్నిటికన్నా చికాకు, వీధిలోవాళ్ళంతా రాత్రికి రాత్రి తమ పాత పరుపులూ విరిగిన కుర్చీలూ మన తొట్టిలో పడేసి పోవడం. సాయంత్రం మీద టార్పాలిన్ కప్పి తాడు కడితే కొంత ఆగుతుంది. మొత్తం ఆగదు.

లోడు బండి వేరే లెక్క. ట్రాక్టర్ ట్రాలీనో మినీ ట్రక్కో ఇద్దరు ముగ్గురు కూలీలతో వస్తుంది, గంటా గంటన్నరలో ఊడ్చేసి పోతుంది. చోటు అక్కర్లేదు, అద్దె రోజులు లెక్కబెట్టుకోనక్కర్లేదు. ఒక బాత్రూమ్, ఒక వంటిల్లు, ఒక గది నేల మార్చడం లాంటి పనికి నేను దీనికే ఓటేస్తాను. దీని లోపం గుట్టే. బండి వచ్చేదాకా సరుకంతా ఎక్కడో ఒకచోట పోగెయ్యాలి, పోగేసినదాన్ని మళ్ళీ ఎత్తాలి. ఈ రెండో ఎత్తుడు తప్పించాలంటే సంచులు వాడాలి.

సంచుల గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పని ఇక్కడే సాఫీగా నడుస్తుంది లేదా ఇక్కడే చెడుతుంది. ఖాళీ సిమెంటు బస్తాలు ఎలాగూ సైట్‌లోనే ఉంటాయి. బస్తా నిండా రాళ్ళు పోస్తే 45, 50 కేజీలవుతుంది, మెట్ల మీద దాన్ని మోసేవాడు రెండో బస్తాకే మొహం తిప్పుకుంటాడు, బస్తా అడుగు కూడా చిరుగుతుంది. సగం మాత్రమే పోసి మూతి మెలిపెట్టి కడితే పాతిక కేజీలు, భుజానికి ఒదుగుతుంది, బండిలో పేర్చడానికీ వీలు. టైల్ ముక్కల అంచులు కత్తిలా ఉంటాయి, వాటికి ఒక బస్తాలో ఇంకో బస్తా దూర్చి వాడాలి. ముందు అడుగున కాస్త మసాలా పొడి పోసి ఆ మీద టైల్ ముక్కలు వేస్తే బస్తా చీరుకుపోదు. ఇలా కట్టినవి గోడ వారగా వరసగా పెట్టుకుంటే బండి రాగానే అందుకోవడం, అందించడం, అంతే. పారా తట్టా మళ్ళీ తియ్యక్కర్లేదు. బాత్రూమ్ పనికి యాభై అరవై సగం బస్తాలవుతాయి, చూడ్డానికి ఎక్కువే అనిపిస్తుంది గానీ ఇద్దరు మనుషులు గంటలో ఎక్కించేస్తారు. దుమ్ము కూడా తక్కువ.

దుమ్ము అంటే గుర్తొచ్చింది. ఎండిన మసాలా, కాంక్రీట్, టైల్స్ పొడిలో సిలికా ఉంటుంది. ఈ స్ఫటిక సిలికా దుమ్ముని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. గుట్టని పొడిగా ఊడ్పించకండి. పారతో ఎత్తేముందు నీళ్ళు చిలకరిస్తే చాలు, తడిసి ముద్దవ్వాల్సిన పని లేదు, ఎక్కువ పోస్తే బరువూ పెరుగుతుంది బురదా అవుతుంది. చేతి రుమాలు కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్కు కొని కూలీలకి కూడా ఇవ్వండి.

లోడు బండితో ఇంకో పేచీ ఉంది, లోడు అంటే ఎంత అని. ట్రాలీ అంచు దాకానా, పక్క పలకలు లేపి నింపితేనా? ముందే అడగకపోతే ఒక లోడు అనుకున్నది రెండు లోడ్లవుతుంది. మినీ ట్రక్కుల్లో చాలావాటి సామర్థ్యం ముప్పావు టన్ను నుంచి టన్ను వరకే. బాత్రూమ్ మొత్తం ఒక్క ట్రిప్పులో పట్టిస్తానని ఎవరైనా అంటే, పడుతుంది, చోటు ఉంటుంది, కానీ టైర్లు ఏమంటాయో చూడాలి. అంతకన్నా ముఖ్యం, ఎక్కడ పోస్తారు అని అడగడం. జవాబు గొణుగుడు అయితే ఆ బండి వద్దు. చెరువు గట్టు మీదో, కాలువలోనో, ఎవరి ఖాళీ స్థలంలోనో చీకట్లో దించేసి వచ్చేవాడు ఎప్పుడూ చవకగానే వస్తాడు, పోసే చోట కట్టాల్సిన రుసుము వాడికి లేదు కదా. చాలాచోట్ల చట్టం పోసినవాణ్ణే కాదు, ఆ వ్యర్థం ఎవరింటిదో వాళ్ళనీ పట్టుకుంటుంది. పోసిన చోట ఇచ్చే రసీదు ఫొటో పంపితేనే మిగతా డబ్బు ఇస్తానని ముందే చెప్పండి. నిజంగా సరైన చోటికి పోయేవాడు దానికి ఏమీ అనుకోడు.

కాంట్రాక్టర్‌కి అప్పజెప్పడం అన్నిటికన్నా సుఖం. కాగితం మీద. "అదంతా మేం చూసుకుంటాం సార్" అన్న మాటలో మూడు వేరువేరు పనులున్నాయి: పై నుంచి కిందికి దించడం, కింద నుంచి బండిలోకి ఎక్కించడం, బండిని సరైన చోట ఖాళీ చేయించడం. చాలామంది మొదటిదాన్నే లెక్కలో వేసుకుంటారు, మిగతా రెండూ చివరి బిల్లు రోజున "ఎక్స్‌ట్రా" పేరుతో వస్తాయి. అప్పటికి గుట్ట మన వాకిట్లో ఉంటుంది, మనకి తొందర ఉంటుంది, బేరం ఆడే ఓపిక ఉండదు. అందుకే మూడూ విడివిడిగా రాయించుకుంటే కాంట్రాక్టరే మేలు కావచ్చు కూడా, ఎందుకంటే వాడికి రోజూ తిరిగే బండ్లు ఉంటాయి, రెండు సైట్ల సరుకు కలిపి పంపుకుంటాడు, మనకన్నా తక్కువకే పడుతుంది. రాయించుకోకపోతే నాలుగింట్లోకీ ఖరీదైనది ఇదే. పని ముగిసే ముందు ఇచ్చే ఆఖరి విడత డబ్బుకి "సైట్ శుభ్రం చేశాకే" అని ముడిపెట్టుకోవడం మంచిది, ఒక్కసారి సామాన్లు సర్దుకుని వెళ్ళాక మేస్త్రి ఫోన్ ఎత్తడు.

సొంత కారు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చిన్న కారు మనుషులతో కలిపి మోయగలిగేది నాలుగొందల కేజీల లోపు. డ్రైవరు పోగా, సీట్లు మడిచినా, పదీ పన్నెండు సగం బస్తాలు. ఆ లెక్కన ఒక బాత్రూమ్‌కే ఐదారు ట్రిప్పులు, మధ్యలో వెనక సస్పెన్షన్, డిక్కీ లైనింగ్, మన నడుము, మూడూ పోతాయి. ఒక సింకు, నాలుగు తలుపు చెక్కలు, కాస్త సీలింగ్ బోర్డు అయితే తీసుకెళ్ళండి. రాళ్ళకి వద్దు.

ఐదో దారి కూడా ఒకటుంది, జంబో బ్యాగులు. టన్ను దాకా పట్టే నేసిన పెద్ద సంచి, నాలుగు మూలలా పట్టీలు, క్రేన్ చెయ్యి ఉన్న లారీ వచ్చి లేపుకుపోతుంది. కంటైనర్‌కి చోటు చాలనివాళ్ళకి ఇది మధ్యేమార్గం. నింపాక మాత్రం ఎవరూ కదపలేరు, కాబట్టి లారీ చెయ్యి అందే చోట పరిచి అక్కడే నింపాలి. గేటు లోపల చెట్టు కింద నింపుకుని కూర్చుంటే మళ్ళీ పారతో ఖాళీ చేసుకోవాల్సిందే.

పై అంతస్తులో ఉంటే లెక్క మారుతుంది. ఇక్కడ బండి కన్నా స్లాబ్ గురించి ముందు ఆలోచించాలి. ఇళ్ళ స్లాబులని మామూలుగా చదరపు మీటరుకి 200 కేజీల చుట్టూ అదనపు బరువు మోసేలా డిజైన్ చేస్తారు. మోకాలి ఎత్తు, అంటే అడుగున్నర రాళ్ళ గుట్ట అదే చదరపు మీటరుకి 650 కేజీల దాకా తూగుతుంది. మూడు రెట్లు! హాలు మధ్యలోనో బాల్కనీ చివర్లోనో పగలగొట్టిందంతా ఒకే చోట పోగేసి, కంటైనర్ నిండాకో, లోడుకి సరిపడా అయ్యాకో పంపిద్దాం అనుకోవడం ప్రమాదం. పైఅంతస్తువాళ్ళకి రోజూ దించేసే పద్ధతే కావాలి, అంటే సగం బస్తాలూ, వాటిని ఏ రోజుకి ఆ రోజు దించే మనుషులూ, కింద తొట్టి గానీ జంబో బ్యాగు గానీ. అంతదాకా బస్తాలని గోడల వారగా పలచగా పేర్చండి. లిఫ్ట్ వాడనిస్తారా అని ముందే అడగండి, వాడనిచ్చినా అడుగున ప్లైవుడ్ వేసి, బస్తాలు లెక్కబెట్టి ఎక్కించండి.

ఇక కలపడం, కలపకపోవడం. ఈ విషయంలో నేను కొంచెం మొండిగానే మాట్లాడతాను. శుభ్రమైన ఇటుక, కాంక్రీట్, టైల్ ముక్కలని క్రషర్‌లో వేసి రోడ్ల కింద పరిచే కంకరగా వాడతారు, అలాంటి సరుకుని తీసుకునే చోట రుసుము తక్కువ. అందులో జిప్సం బోర్డు కలిసిందా, కథ మారిపోతుంది. జిప్సంలో ఉన్న సల్ఫేట్ కొత్త కాంక్రీట్‌లో చేరితే అది ఉబ్బి పగులుతుంది, గాలి ఆడని తడి చెత్తకుప్పలో పడితే బ్యాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది, కుళ్ళిన గుడ్డు వాసన, ఎక్కువైతే ప్రాణాంతకం. కాబట్టి సీలింగ్ వేరే, రాళ్ళు వేరే. కష్టమేమీ కాదు, విప్పే వరసలోనే వస్తుంది: ముందు ఇనుమూ అల్యూమినియం రాగి తీగా, తర్వాత తలుపులూ చెక్కా, తర్వాత సీలింగ్, ఆఖరున పలుగు పట్టాలి. ఇనుమూ రాగీ పాత సామాన్లవాడే డబ్బిచ్చి పట్టుకుపోతాడు, పనికొచ్చే తలుపులూ కమోడూ కూడా అడిగి తీసుకెళ్ళేవాళ్ళుంటారు. అలా తేలికవి ముందే వెళ్ళిపోతే మిగిలేది ఒకే రకం బరువు సరుకు, దానికి బండి మాట్లాడటం తేలిక, రేటు మీద మనకీ కాస్త పట్టు ఉంటుంది.

ఇంటి దగ్గరే పల్లంలో పోసి చదును చేసుకుంటే పోలా అంటే, ఇటుకా కాంక్రీట్ ముక్కలయితే పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొడితే చక్కగా పనికొస్తాయి. చెక్క ముక్క కలిస్తే కుళ్ళి అక్కడ గొయ్యి పడుతుంది, జిప్సం కొంచెం కొంచెంగా నీటిలో కరిగిపోతుంది. మొక్కలు పెంచే చోట సిమెంటు మసాలా పొయ్యకండి, మట్టిలో క్షారం పెరుగుతుంది. పాత ఇటుకలు మళ్ళీ వాడదామనుకునేవాళ్ళకి ఒక మాట: సున్నంతో కట్టిన గోడ ఇటుకలు తాపీతో రెండు దెబ్బలకి శుభ్రపడతాయి, సిమెంటుతో కట్టినవి ఇటుకే విరుగుతుంది గానీ మసాలా వదలదు. అలాంటివాటి మీద కూలి పెట్టడం దండగ.

పాత ఆస్‌బెస్టాస్ రేకులుంటే పై పోలికలేవీ వాటికి వర్తించవు. పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి నిండు రేకుగా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి. లోడు బండివాడు "వేసెయ్యండి సార్, ఏం కాదు" అన్నా వెయ్యకండి. పాత ట్యూబ్‌లైట్లు, మిగిలిన పెయింటూ థిన్నరూ కూడా రాళ్ళ బండిలోకి కాదు.

మొత్తమ్మీద నా ఓటు ఇలా. ఒకటి రెండు గదుల పనికి సగం బస్తాలూ రసీదు తెచ్చే లోడు బండీ. ఇల్లంతా కదిపితే, వాకిట్లో చోటుంటే, రాళ్ళకి చిన్న కంటైనర్ రెండుసార్లు తెప్పించుకోవడం పెద్దది ఒకసారి తెప్పించడం కన్నా మేలు. పై అంతస్తు, ఇరుకు సందు అయితే రోజువారీ దించుడూ జంబో బ్యాగూ. ఊళ్ళో ఉండకుండా పని చేయిస్తున్నవాళ్ళకి కాంట్రాక్టర్ తప్ప దారి లేదు, ఆ మూడు లైన్లూ రాయించుకోండి.

బండి ఎక్కించే రోజు మీరు అక్కడ ఉంటే బాగుంటుంది. కూలీలు ఊపులో ఉంటే మిగిలిన కొత్త టైల్స్ పెట్టె కూడా బండెక్కుతుంది, రేపు ఒక టైల్ పగిలితే అదే షేడ్ మళ్ళీ దొరకదు. ఆ పెట్టె ముందే లోపల పెట్టుకోండి.